సెకనుకు ఐదు

తప్పు నాదే.
శుక్రవారం రాత్రి, షెఫీల్డ్‌లో వాన, ల్యాబులో నేనొక్కదాన్నే.
రెండు ఫైళ్ళ పేర్లు తారుమారు చేశాను.

ఒకటి వంతెనది.
డాన్ నది మీద, మూతబడ్డ సానపట్టే షెడ్ల వెనక,
నడిచేవాళ్ళ కోసమే వేసిన ఇనప వంతెన.
దాని పొట్ట కింద నేను చేసిన పొర అంటించాం.
మీగడ కన్నా పలచన,
వంగితే చాలు, చిటికెడు కరెంటు పుట్టిస్తుంది.
పగుళ్ళు లేకుండా ఆరబెట్టడానికి
పదకొండు నెలలు పట్టింది.
మొదటి నలభై అప్పడాల్లా విరిగాయి.

రెండోది ఆల్విన్ స్టానిఫోర్త్ గారి కుడి మణికట్టుది.
డెబ్బై మూడేళ్ళు. వెల్డరు.
అదే పొర, గోరంత ముక్క,
న్యూరాలజీ క్లినిక్కులో డాక్టర్ మోరాగ్ అతికించింది,
చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకోమని చెప్పి.
ఊరికే ఉండమన్నప్పుడే ఆ చెయ్యి ఊరుకోదు.

శనివారం తెల్లారకుండానే టెండై ఫోను.
కట్టడాల ఇంజనీరు, నిద్రలోనూ లెక్క తప్పడు.
ఆ వేళ గొంతు ఎండిపోయి ఉంది.
"వంతెన సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటోంది.
దాని స్వభావం రెండు.
రెండు కొసలకీ తాళ్ళు కట్టించేశాను."
కుక్కల్ని తిప్పేవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు,
బుట్టలో పాప ఉన్న సైకిలు తల్లి
అందరూ మైలు చుట్టు తిరిగి వెళ్ళారు
ఒక ముసలాయన చెయ్యి వణికినందుకు.

ఆ గంటలోనే మోరాగ్ మెసేజి:
కొత్త మందు పనిచేస్తోంది!
చెయ్యి నెమ్మదించింది, రెండుకి దిగింది!
మూడు ఆశ్చర్యార్థకాలు.

మా భాషలోనైతే ఇలా జరిగేది కాదు అనుకున్నాను,
కుర్చీలో ముడుచుకుపోయి.
చేతికి వణుకు. కంటికి అదురు.
ఉయ్యాలకు ఊపు. గుండెకు దడ.
ఎవరి కదలికకు వాళ్ళ పేరు పెట్టి పంపించాం.
గ్రాఫుకు అన్నీ ఒకటే గీత.
దాని నెత్తిన పేరు రాయాల్సింది
నాలాంటి నిద్రమొహం.

తాళ్ళు విప్పడం తేలికే.
మోరాగ్ అప్పటికే ఆయనకు ఫోను చేసేసింది.
ఆయన అప్పటికే తన చెల్లెలికి చెప్పుకున్నాడు.

క్షమాపణ నేనే చెప్తానన్నాను.
టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అంతా విన్నాడు.
చాలాసేపు కిటికీ వైపు చూశాడు.
తర్వాత అడిగాడు,
"ఏ వంతెన?"

గురువారం నలుగురం వెళ్ళాం.
తూర్పు కమ్మీ దగ్గర ఆగి, ఇదిగో అన్నాడు,
ఎనభై ఏడు నవంబరు, చలికి కళ్ళద్దాల మీద మంచు,
ఈ అతుకు నాది.
పాము పొట్ట పొలుసుల్లా ఒకే వరస,
ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.
బొటనవేలితో దాని పొడుగూ తడిమాడు.
నా ఫోనులో గీత పడుకుంది.
పని దొరికింది కదా, చెయ్యి నిలబడింది.
ఇది తెలిసిన సంగతేనంది మోరాగ్, మెల్లగా, నాతో మాత్రమే.
తెలిసిన సంగతే. అయినా ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

కమ్మీ వదిలాక మళ్ళీ ఐదు.

"నా చెయ్యి దీన్ని ఎంతసేపు మూయించింది?"
"మూడు గంటల పది నిమిషాలు," అన్నాడు టెండై.
"సమ్మెల రోజుల్లో కూడా అంతసేపు మూయించలేదు మేం దేన్నీ,"
అని నవ్వి దగ్గాడు.

ఇంకో మందు ఉంది, ఇంకో పరీక్ష.
కాగితం టెండై వీపు మీద పెట్టుకుని సంతకం చేశాడు.
మొదటి అక్షరం బాగా పెద్దది,
పోనుపోను సన్నగిల్లి
చివరిది చీమ తలంత.

పేరు రెండుసార్లు చదివి
ఫోల్డరులో పెట్టాను.